కాలప్రమాణం ఎవరి చేతిలో ఉంది? ‘విప్లాష్’ సినిమాలో సాధన, పంతం

విశాఖపట్నంలో మృదంగం క్లాసు చాలా రోజులు వాయింపుతో మొదలవదు. సముద్రం మీదుగా వచ్చే తేమగాలికి చర్మం వదులై శ్రుతి దిగిపోతుంది కాబట్టి, గురువు ముందుగా వాద్యాన్ని ఒళ్లోకి తీసుకుని, కుడివైపు అంచు చుట్టూ చిన్న రాయితో, కొయ్యముక్కతో తట్టుకుంటూ వస్తారు. ఒక్కొక్క తావున తట్టడం, వేలితో మీటడం, చెవి వంచి వినడం, మళ్లీ తట్టడం. శ్రుతిపెట్టెలోని షడ్జమంతో ఆ నాదం కలిసేదాకా ఇది సాగుతుంది. తరవాత ఎడమవైపు చర్మానికి తడిపిన రవ్వముద్ద అద్దుతారు. ఈలోగా పిల్లలు చేతులు ముడుచుకుని చూస్తూ ఉంటారు. పైకి ఇది పాఠానికి ముందు జరిగే ఏర్పాటులా కనిపించినా, నిజానికి అదే మొదటి పాఠం: వాయించే చేతికంటే ముందు వినే చెవి సిద్ధం కావాలి. సంగీత సాధన మీద వచ్చిన సినిమాల్లో ఈ పదేళ్లలో అత్యధికంగా చర్చకు వచ్చిన ‘విప్లాష్’ను ఈ పాఠం పక్కన పెట్టి చూస్తే, ఆ సినిమా దేని గురించి తీసిందో మరింత స్పష్టంగా తెలుస్తుంది.

డేమియన్ షజెల్ రచన, దర్శకత్వంలో వచ్చిన ఈ అమెరికన్ చిత్రం 2014 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమై, అక్కడ జ్యూరీ బహుమతినీ ప్రేక్షకుల బహుమతినీ కూడా గెలుచుకుంది. సుమారు 33 లక్షల డాలర్ల ఖర్చుతో, 19 రోజుల్లో చిత్రీకరించిన చిన్న సినిమా ఇది. మరుసటి ఏడాది ఆస్కార్ పోటీలో ఉత్తమ సహాయ నటుడు, ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్ విభాగాల్లో మూడు అవార్డులు అందుకుంది. దర్శకుడు స్వయంగా హైస్కూలు రోజుల్లో ఒక జాజ్ బృందంలో, కఠినుడైన ఉపాధ్యాయుడి కింద డ్రమ్స్ వాయించినవాడు. ఆనాటి భయమే ఈ కథకు మూలమని ఆయన చెప్పుకున్నాడు.

కథ చిన్నది. న్యూయార్క్‌లోని షాఫర్ అనే కల్పిత సంగీత విద్యాలయంలో 19 ఏళ్ల ఆండ్రూ డ్రమ్స్ నేర్చుకుంటుంటాడు. అక్కడి అగ్రశ్రేణి బృందాన్ని నడిపే ఫ్లెచర్ కంట పడడం, ఆ బృందంలో చోటు సంపాదించడం, ఆ చోటు నిలబెట్టుకోవడం అతడి జీవితధ్యేయంగా మారతాయి. ఫ్లెచర్ తిడతాడు, కొడతాడు, కుర్చీ విసురుతాడు, తల్లి లేని పిల్లవాడని నలుగురి ముందూ హేళన చేస్తాడు. ఆండ్రూ ఒక్కొక్కటిగా అన్నీ వదులుకుంటాడు. ప్రేమించిన అమ్మాయి తన సాధనకు అడ్డం అవుతుందని లెక్కవేసి, ఆమె ఏ తప్పూ చేయకముందే ఆమెకు దూరమవుతాడు.

‘శ్రుతిర్మాతా లయఃపితా’ అన్న మాట మన సంగీతజ్ఞులు నిత్యం తలుచుకునేదే. శ్రుతి తల్లి, లయ తండ్రి. విశేషమేమిటంటే, ఫ్లెచర్ తన బృందంతో కనిపించే మొదటి సాధన సన్నివేశంలోనే ఈ రెండింటి మీదా దెబ్బ పడుతుంది, అదీ ఈ వరసలోనే. మొదట శ్రుతి. ఎవరో అపశ్రుతి పలుకుతున్నారంటూ ఫ్లెచర్ వాయిద్యాలన్నీ ఆపించి, ట్రాంబోన్ వాయించే ఒక కుర్రవాడి ముందు నిలబడి, నీ శ్రుతి తప్పిందని నీకే అనిపిస్తోందా అని అడుగుతాడు. ఆ కుర్రవాడు తల వంచుకుని, అవునంటాడు. అతణ్ణి అక్కడికక్కడే గదిలోంచి గెంటివేశాక, ఫ్లెచర్ మిగతావారితో అసలు సంగతి చెబుతాడు: శ్రుతి తప్పింది అతడు కాదు, పక్కన ఉన్న మరొకడు. కానీ తన శ్రుతి సరిగానే ఉందని అతడికి తెలియకపోవడమే పెద్ద తప్పట.

కొద్దిసేపే ఉండే ఈ ఘట్టంలో సినిమా సారమంతా ఇమిడి ఉంది. ఆ కుర్రవాడికి తన శ్రుతి తెలియక కాదు, ఎదురుగా ఉన్న మనిషి మీది భయంతో తన చెవిని తానే నమ్మలేకపోయాడు. సంగీతం నేర్పే ఏ పద్ధతికైనా అంతిమ ప్రయోజనం విద్యార్థికి తన చెవి మీద తనకు భరోసా కలగడమే. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు అంటూ నెలల తరబడి ఒకే మాయామాళవగౌళలో పాడించడం వెనుక ఉన్న ఉద్దేశం అదే. గురువు లేని చోట కూడా స్వరం తన స్థానంలో నిలవాలి. ఫ్లెచర్ పద్ధతిలో దీనికి సరిగ్గా విరుద్ధమైనది జరుగుతుంది. విద్యార్థి చెవిని చంపి, ఆ స్థానంలో తన ముఖకవళికల్ని పెడతాడు.

ఆ వెంటనే లయ వంతు వస్తుంది. ఆండ్రూ నాలుగు మాత్రలు వాయించేసరికి ఫ్లెచర్ పిడికిలి బిగించి ఆపుతాడు. ఇది నా టెంపో (వేగం) కాదు, అంటాడు. మళ్లీ మొదలు. మళ్లీ పిడికిలి. మొదట్లో గొంతు మెత్తగా, దాదాపు ఆప్యాయంగా ఉంటుంది. అయిదారు సార్లు అయ్యేసరికి కుర్చీ గాలిలోకి లేస్తుంది. తరవాత ఫ్లెచర్ ఆండ్రూచేత అంకెలు లెక్కపెట్టిస్తూ, నాలుగో అంకె మీద చెంపదెబ్బ కొడుతూ, నేను తొందరపడ్డానా, వెనకబడ్డానా చెప్పమంటాడు. ఆండ్రూ తెలియదంటాడు. గమనించవలసిన సంగతి ఏమిటంటే, చూస్తున్న మనకీ తెలియదు. సంగీతం వచ్చినవారు పదే పదే విన్నా ఆ తేడాను పట్టుకోవడం కష్టమే. దర్శకుడు కావాలనే మనల్ని ఆండ్రూ కూర్చున్న స్టూలు మీదే కూర్చోబెట్టాడు.

‘నా టెంపో’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. కర్ణాటక సంగీతంలో దీనికి సరితూగే మాట కాలప్రమాణం. కృతి ఎత్తుకున్నప్పుడు గాయకుడు ఎంచుకున్న నడకను, మృదంగ విద్వాంసుడు మొదటి ఆవర్తనంలోనే (తాళం ఒక చుట్టు తిరిగేలోగానే) అందుకుని, చివరిదాకా దాన్ని కాపాడుతూ వెళతాడు. చేతితో తాళం వేసే గాయకుడూ, వాద్యం మీద దాన్ని పలికించే మృదంగీ, ముందు వరసలో తొడ మీద తాళం వేసుకునే శ్రోత కూడా ఆ కాలాన్ని పంచుకుంటారు. అది ఎవరి సొంత ఆస్తీ కాదు కాబట్టే తప్పు జరిగితే అందరికీ తెలుస్తుంది, ఎవరు తప్పారో కూడా తెలుస్తుంది. సినిమాకు పేరునిచ్చిన, హ్యాంక్ లెవీ కూర్చిన ‘విప్లాష్’ అనే రచన ఏడు మాత్రల లెక్కలో నడుస్తుంది. మిశ్రచాపులో ‘తకిట తకధిమి’ అంటూ మూడూ నాలుగూ కలిపి ఏడు లెక్కపెట్టడం అలవాటైన మన పిల్లలకు ఆ నడక అంత కొత్తేమీ కాదు. ఏడులో ఉన్న కష్టం, అందం రెండూ ఒకటే: కాలు ఎక్కడ మోపాలో ప్రతి ఆవర్తనంలోనూ వింటూ తెలుసుకోవాలి. ఫ్లెచర్ ఆ కాలాన్ని బృందం చేతిలోంచి తీసుకుని తన పిడికిట్లో పెట్టుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆండ్రూ బేస్ వాద్యం ఏం పలుకుతోందో, ట్రంపెట్లు ఎక్కడ ఊపిరి తీస్తున్నాయో వినడం మానేసి, ఒక్క మనిషి చేతివేళ్లను చూస్తూ ఉంటాడు. ఆకాంక్ష పిచ్చిగా మారే మలుపు రక్తం చిందిన చోట లేదు, ఇక్కడ ఉంది.

రక్తం సంగతీ చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ సినిమా చూసినవారికి అన్నిటికంటే ఎక్కువగా గుర్తుండేది అదే. ఆండ్రూ వేళ్లు చిట్లి, బ్యాండేజీ మీద బ్యాండేజీ చుట్టుకుని, చివరకు పిడికిలిని ఐసునీళ్ల జాడీలో ముంచుతాడు. నీళ్లలోకి ఎర్రగా దారాలు దిగుతాయి. ఆ దృశ్యం మరిచిపోలేనిది. అయితే అది సాధన తీవ్రతకు గుర్తుగా చాలామందికి తోచడం విచారకరం. వీణ తీగల మీద వేళ్లకు కాయలు కాస్తాయి, మృదంగం వాయించేవారి వేలికొసలు గట్టిపడతాయి. ఇవి ఏళ్ల మీద మెల్లగా వచ్చే మార్పులు. చేతులు తెగి రక్తం కారడం మాత్రం, కర్రను అతిగా బిగించి పట్టుకున్నారనడానికి గుర్తు అని డ్రమ్స్ నేర్పేవారు చెబుతారు. మణికట్టు వదులుగా ఉండి, కర్ర తనంతట తాను ఎగిసి పడనిస్తేనే వేగం వస్తుంది. మన దగ్గర ఒకే పాఠాన్ని మొదట నిదానమైన మొదటి కాలంలో, తరవాత దానికి రెట్టింపు వేగమైన రెండో కాలంలో, ఆపై ఇంకా వేగమైన మూడో కాలంలో సాధన చేయించే ఏర్పాటు ఈ ఎరుకతోనే పుట్టింది. నిదానంలో తప్పులేకుండా నిలిచినవాడికి వేగం తనే వస్తుంది. ఆండ్రూ ఎప్పుడూ మూడో కాలంలోనే మొదలుపెడతాడు.

ఫ్లెచర్ తన క్రూరత్వానికి ఒక పురాణాన్ని ఆధారం చేసుకుంటాడు. జాజ్ సాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ కుర్రవాడిగా ఉండగా ఒక రాత్రి తడబడితే, డ్రమ్మర్ జో జోన్స్ అతడి తల తెగిపోయేలా సింబల్ (డ్రమ్స్‌తోపాటు వాయించే లోహపు పళ్లెం) విసిరాడనీ, ఆ అవమానంతో పార్కర్ ఏడాదిపాటు కఠోర సాధన చేసి మహావిద్వాంసుడయ్యాడనీ అతడు చెబుతాడు. జాజ్ చరిత్రలో ఈ కథ నమోదైన తీరు వేరు. 1930ల మధ్యలో కాన్సస్ సిటీలోని రెనో క్లబ్బులో, పదహారేళ్ల పార్కర్ వాయిస్తూ దారి తప్పినప్పుడు, ఇక దిగిపొమ్మన్న సంకేతంగా జో జోన్స్ సింబల్‌ను అతడి కాళ్ల దగ్గర నేల మీద పడేశాడు. అవమానమే, కానీ హత్యాయత్నం కాదు. అంతకంటే ముఖ్యమైనది ఆ తరవాత జరిగింది. పార్కర్ ఓజార్క్ కొండల్లోని విడిది ప్రాంతంలో ఒక బృందంతో పనికి కుదిరి, సాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ వాయించిన రికార్డుల్ని మళ్లీ మళ్లీ విని కంఠస్థం చేశాడు. తోటి వాద్యకారుల దగ్గర కూర్చుని హార్మనీ మర్మాలు నేర్చుకున్నాడు. పార్కర్‌ను తయారుచేసినది విసిరిన లోహమా, విన్న రికార్డులా అన్న ప్రశ్న ఫ్లెచర్ ఎన్నడూ వేసుకోడు, ఎందుకంటే జవాబు అతడి పద్ధతికి అనుకూలంగా రాదు.

ఆండ్రూ ఆ పురాణాన్ని పూర్తిగా నమ్ముతాడు. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర బంధువులు తమ పిల్లల ఆటల గొప్పలు చెప్పుకుంటుంటే, తొంభై ఏళ్లు బతికి ఎవరికీ గుర్తులేకుండా పోవడం కన్నా, ముప్పై నాలుగేళ్లకే చేతిలో చిల్లిగవ్వ లేకుండా చనిపోయి నలుగురి నోళ్లలో నానడం మేలంటాడు. పార్కర్ 1955లో కన్నుమూసింది ఆ వయసులోనే. ఆ బల్ల దగ్గర ఆండ్రూ మాట్లాడినంతసేపూ పేరు గురించే మాట్లాడతాడు. ఫలానా రచనలో ఫలానా చోటు తనకెందుకు ఇష్టమో సినిమా మొత్తంలో ఒక్కసారైనా చెప్పడు.

ఉద్యోగం పోయాక ఫ్లెచర్ ఒక చిన్న క్లబ్బులో నెమ్మదిగా పియానో వాయిస్తూ ఆండ్రూకు కనబడతాడు. అక్కడి సంభాషణ ఈ చిత్రంలో ఆలోచనాపరంగా అత్యంత విలువైనది. మీ పద్ధతి వల్ల కాబోయే పార్కర్ ఒకడు నిరుత్సాహపడి మానేస్తే, అని ఆండ్రూ అడుగుతాడు. కాబోయే పార్కర్ ఎప్పటికీ నిరుత్సాహపడడు, అని ఫ్లెచర్ బదులు. వినడానికి గంభీరంగా ఉన్న ఈ వాదనలో ఒక గుండ్రటి ఉచ్చు ఉంది. నిలబడినవాడు గురువు గొప్పతనానికి సాక్ష్యం. కూలిపోయినవాడు ముందునుంచే గొప్పవాడు కాడు. ఏది జరిగినా గురువుది తప్పు కాదు. ఇటువంటి తర్కాన్ని ఏ ఉదాహరణతోనూ ఓడించలేము. ఆ సంభాషణలోనే, తనకు ఇంతవరకు ఒక్క పార్కర్ కూడా దొరకలేదని ఫ్లెచర్ తన నోటితోనే ఒప్పుకుంటాడు. అంతకుముందు మరో సన్నివేశంలో తన పూర్వ విద్యార్థి ఒకడు కారు ప్రమాదంలో చనిపోయాడని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఆ యువకుడు దీర్ఘకాలం మనోవేదన అనుభవించి ప్రాణం తీసుకున్నాడని తరవాత మనకు తెలుస్తుంది. లెక్కలోంచి తొలగించిన మనిషి అతడు.

ఈ తర్కం విశాఖ వీధుల్లో తిరిగేవారికి పరిచితమే. ఫలితాలు వచ్చిన వారం రోజులూ కూడళ్లలో ర్యాంకుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. వాటి మీద వచ్చినవారి ఫొటోలే ఉంటాయి, మధ్యలో మానేసినవారికి ఫొటో ఉండదు. 2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించిన కేసులో, 2025 జులైలో సుప్రీం కోర్టు విద్యాసంస్థలన్నిటికీ వర్తించే 15 మార్గదర్శకాలు జారీ చేసింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని వేరువేరు బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం కోచింగ్ సంస్థలు మానుకోవాలన్నది వాటిలో ఒకటి. ఫ్లెచర్ సాధన గదిలో అనునిత్యం జరిగే పనులు సరిగ్గా ఈ మూడే. ప్రధాన వాద్యకారుడి కుర్చీని ఇవాళ ఒకరికి, రేపు ఇంకొకరికి ఇస్తూ ముగ్గురు డ్రమ్మర్లను అర్ధరాత్రి దాటేదాకా పోటీపెట్టే సన్నివేశాన్ని ఇక్కడి హాస్టల్ గదిలో ఫోను మీద చూసే కుర్రవాడికి జాజ్ తెలియనక్కరలేదు.

కష్టం లేకుండా సంగీతం వస్తుందని ఎవరూ అనరు. విశాఖపట్నానికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయనగరం సంగీత కళాశాల చరిత్రే అందుకు తార్కాణం. 1919లో మొదలైన ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 26 ఏళ్ల వయసులో విద్యార్థిగా చేరాలని అక్కడికి వెళితే, ఆయన వయొలిన్ విని నేరుగా ఆచార్యుడిగా నియమించారని నేటికీ చెప్పుకుంటారు. ఆ కథలో గెలిచినది వినగలిగిన చెవి. మరికొన్నేళ్లకు కుర్రవాడైన ఘంటసాల అదే ఊరికి వచ్చి, పట్రాయని సీతారామశాస్త్రి గారి ఆశ్రయంలో, మధూకరం ఎత్తుకుని తింటూ చదువుకున్నారు. ఇంటింటి ముందూ జోలె పట్టి నిలబడడం ఏ కాలంలోనైనా చిన్న కష్టం కాదు. కానీ ఆ కష్టం ఆకలి పెట్టింది, గురువు పెట్టింది కాదు. గురువు తనకున్న దాంట్లో నీడనిచ్చి, పాఠం చెప్పాడు. ఫ్లెచర్ మాటల గారడీలో ఈ రెండు రకాల కష్టాలూ ఒకటైపోతాయి. ఆ రెంటినీ విడదీసి చూడగలగడం ఈ చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి అవసరం.

తెలుగు సినిమా ఇదే చీకటిని ఇరవై ఏళ్ల ముందే మరో వైపు నుంచి చూసింది. కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 1992లో వచ్చిన ‘స్వాతికిరణం’లో, మమ్ముట్టి పోషించిన అనంతరామశర్మ పేరుప్రతిష్ఠల శిఖరం మీద ఉన్న సంగీత విద్వాంసుడు. బాలుడైన గంగాధరం ప్రతిభను చూసి ఆయన ఓర్వలేకపోతాడు. చివరకు, తన ఉనికే గురువు మనశ్శాంతికి అడ్డమని గ్రహించి ఆ పిల్లవాడు ప్రాణం విడుస్తాడు. అక్కడ పిచ్చి గురువుది, ఇక్కడ అది గురువు నుంచి శిష్యుడికి అంటుకుంటుంది. ‘స్వాతికిరణం’ తన పాటల్ని మనకు నిండుగా వినిపిస్తుంది. పిల్లవాడి గొంతుగా వాణీ జయరాం పాడినది విన్నాక, పోయినదేమిటో మన చెవికి తెలుస్తుంది. ఆ పాటలకు ఆమెకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. ‘విప్లాష్’లో మాత్రం దాదాపు ప్రతి రచనా మధ్యలో తెగిపోతుంది. పిడికిలి పైకి లేస్తుంది, వాద్యం ఆగిపోతుంది. సంగీతం మీద తీసిన సినిమాలో సంగీతం పూర్తిగా వినబడకపోవడం లోపంగా తోచవచ్చు. కానీ ఆ గదిలో ఉన్నవారికి అది నిజంగానే వినబడడం లేదు.

జాజ్ తెలిసిన విమర్శకులు కొందరు ఈ చిత్రాన్ని గట్టిగా తప్పుపట్టారు. జాజ్ అంటే ఒకరినొకరు వింటూ అప్పటికప్పుడు అల్లుకునే సంగీతమనీ, దాన్ని వేగం పందెంగా చూపించారనీ వారి ఆక్షేపణ. ఆక్షేపణలోని వాస్తవం నిజమే, అయితే దాన్ని సినిమాకు వ్యతిరేకంగా కాక ఫ్లెచర్‌కు వ్యతిరేకంగా వాడడం న్యాయమనిపిస్తుంది. చిక్కు వేరే చోట ఉంది. టామ్ క్రాస్ ఎడిటింగ్ ఎంత పదునుగా ఉంటుందంటే, చెమటచుక్క, సింబల్ అంచు, పిడికిలి, కన్ను ఇవన్నీ దెబ్బకొక కోతగా వచ్చిపడుతుంటే చూసేవాడి నాడి కూడా ఫ్లెచర్ వేళ్ల వేగానికి కొట్టుకుంటుంది. మెదడు వద్దంటున్నా శరీరం ఆండ్రూ గెలవాలని కోరుకుంటుంది. అందుకే హాల్లో చప్పట్లు కొట్టినవారు ఎందరో, ఫ్లెచర్ మాటల్ని స్ఫూర్తివాక్యాలుగా పంచుకున్నవారు ఎందరో. దర్శకుడు మాత్రం ఒక ఇంటర్వ్యూలో, ఆ తరవాత ఆండ్రూ లోపల ఏమీ మిగలని మనిషై ముప్పైలలోనే మత్తుమందుతో చనిపోతాడని తాను ఊహించుకున్నట్టు చెప్పాడు.

చివరి పది నిమిషాల్లో కాలప్రమాణం ప్రశ్న మళ్లీ ముందుకు వస్తుంది. తన ఉద్యోగం పోవడానికి ఆండ్రూ కారణమని పగబట్టిన ఫ్లెచర్, అతడికి తెలియని రచనను ఎత్తుకుని పెద్ద సభలో అతడి పరువు తీస్తాడు. వేదిక దిగి తండ్రి కౌగిట్లోకి వెళ్లిన ఆండ్రూ, వెనుదిరిగి వచ్చి, ఫ్లెచర్ సభతో మాట్లాడుతుండగానే డ్రమ్స్ మొదలుపెడతాడు. ఎప్పుడు అందుకోవాలో నేను చెబుతానని బేస్ వాద్యకారుడికి సైగ చేసి, ‘కారవాన్’ అనే జాజ్ రచన నడకలోకి బృందమంతటినీ లాక్కుపోతాడు. సినిమా మొదలైనప్పటినుంచి మొట్టమొదటిసారి కాలం అతడి చేతిలో ఉంది. మిగతా వాద్యకారులు అతణ్ణి వింటున్నారు, అతడూ వారిని వింటున్నాడు. ఈ కొద్ది నిమిషాలే అసలైన సంగీతం.

పాట ముగిశాక కూడా అతడు ఆపడు. విశాఖలోని కళాభారతి సభామందిరంలో కచేరీ విన్నవారికి తని ఆవర్తనం తెలుసు. గాయకుడు తన గొంతు ఆపి, మృదంగానికి చోటిచ్చి, విద్వాంసుడి ఒక్కొక్క ముక్తాయింపునూ తల పంకిస్తూ అందుకుంటూ, చేత్తో అతడి కోసం తాళం వేస్తాడు. చివరి తీర్మానం పడగానే పల్లవి ఎత్తుకుంటాడు. ఇక్కడా ఫ్లెచర్ మొదట కోపంతో, తరవాత విస్మయంతో దగ్గరికి వచ్చి, పక్కకు ఒరిగిన సింబల్‌ను సరిచేస్తాడు. చూస్తే ఆ ఆదరమే అనిపిస్తుంది. కానీ ఆ తరవాత అతడి అరచెయ్యి నెమ్మదిగా కిందికి దిగుతుంది, ఆండ్రూ వేగం దానితోపాటు దిగి, ఒక్కొక్క దెబ్బగా, దాదాపు నిశ్శబ్దంగా మారుతుంది. చెయ్యి మళ్లీ పైకి లేస్తుంది, దెబ్బలు దానితో లేస్తాయి. తలుపు సందులోంచి చూస్తున్న తండ్రి ముఖంలో గర్వం కనిపించదు, చేయి దాటిపోయిన కొడుకును చూసే బెదురు కనిపిస్తుంది. ఆండ్రూ ఫ్లెచర్ వంక చూస్తాడు. కెమెరా ఫ్లెచర్ నోటిని ఫ్రేములోకి రానివ్వదు, కళ్లు మాత్రమే చూపిస్తుంది. ఆ కళ్లలో మెప్పు కనబడి ఆండ్రూ చిరునవ్వు నవ్వుతాడు. ఫ్లెచర్ చెయ్యి ఊపగా బృందం చివరి దెబ్బ కొడుతుంది, తెర నల్లబడుతుంది. సభలో కూర్చున్నవారి చప్పట్లు మనకు వినిపించవు.